నోరులేని ఋణదాత

"ఇది నాది" అన్న మాటలో రెండు అర్థాలు ఇమిడి ఉన్నవి. దీనిని నా ఇష్టానుసారం వాడుకొనవచ్చునన్నది మొదటిది. దీనికి నేను జవాబుదారిననునది రెండవది. కుర్చీకో పెట్టెకో మొదటి అర్థం చాలును. ప్రాణమున్న దాని విషయంలో రెండవ అర్థాన్ని విడిచి మొదటిదానినే పట్టుకొన్నప్పుడు క్రౌర్యం పుట్టుచున్నది. గుర్రాన్ని బాధించేవాడు అన్ని వేళలా కోపిష్ఠి కాడు; పెక్కుమార్లు అతడు కేవలం లెక్క చూచుకొనేవాడు. ఆ లెక్కలో ఉన్న దోషమేమిటో విచారించవలసి ఉన్నది.

కలకత్తాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది వంపు తిరిగిన చోట గార్డెన్ రీచ్ ఉన్నది. 1856లో ఇంగ్లీషువారు అవధ్ రాజ్యాన్ని కలుపుకొన్న పిమ్మట నవాబు వాజిద్ అలీ షా ఇక్కడి మటియాబుర్జ్‌లో స్థిరపడినాడు. రాజ్యం పోయినా ఏడాదికి 12 లక్షల రూపాయల భరణం మిగిలినది. ఆయన భవనాలు కట్టించినాడు. పులులు, పాములు, పావురాలు మొదలైన వానితో గొప్ప జంతుశాలను పోషించినాడు. 1887లో ఆయన కన్నుమూసినాడు. ఆ వైభవం చెదిరిపోయినది; దానితోపాటు జంతుశాలయూ చెదిరిపోయినది. నవాబుకు జంతువులపై మక్కువ లేదని ఎవరూ అనలేరు. కాని మక్కువ ఒక మనిషి ఆయుర్దాయంతో ముగిసిపోవునట్టిది. యజమాని ప్రేమ ఒక్కటే ఆధారమైన ప్రాణి గాలిలో దీపమువంటిది.

ప్రేమ చాలనిచోట ప్రయోజనం కాపాడునా? దానికి గార్డెన్ రీచ్ పొరుగుననే సమాధానమున్నది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ పేరుతో 'వేలర్లు' అని పిలువబడిన గుర్రాలు ఓడలలో సముద్రం దాటి కలకత్తా రేవులో దిగేవి. 1873లో ఈ నగరంలో గుర్రాలు లాగే ట్రాములు మొదలై, కొద్దినెలలకే ఆగి, 1880 తరువాత మరల నడిచినవి. బంగాళపు వేసవిలో నిండిన ట్రామును లాగిన గుర్రం కంపెనీ పుస్తకాలలో ఒక పద్దు మాత్రమే. 1902లో ఖిదిర్‌పూర్ దారిన విద్యుత్ ట్రాము నడిచిన పిమ్మట ఆ పద్దు కొట్టివేయబడినది. గుర్రానికి విముక్తి కలిగించినది మనిషి హృదయం కాదు, విద్యుత్ తీగ. చవకైన సాధనం దొరికినందువల్ల వదలిన క్రౌర్యాన్ని దయగా లెక్కించుకొనరాదు.

దయకు సంస్థారూపం ఇచ్చినవారు లేకపోలేదు. చిత్రకారుడైన కోల్స్‌వర్దీ గ్రాంట్ 1861లోనే కలకత్తాలో జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించినాడు. స్వతంత్ర భారతంలో రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరుండేల్ ఇందుకై బిల్లు తెచ్చినది. ఆమె పట్టుదల ఫలితంగా 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చినది. 1965 నాటి నియమాలు మరింత సూక్ష్మంగా ఉన్నవి: బండిలాగే జంతువుచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు అసలే పనిచేయించరాదు. కాని ఆ చట్టం మొదటి నేరానికి విధించిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకే. ఒక జాతి తన ధర్మానికి తానే కట్టుకొన్న వెల అది!

విక్టోరియా మెమోరియల్ ఎదుట విహారానికి వచ్చినవారిని అలంకరించిన బగ్గీలలో త్రిప్పే గుర్రాలను చూచినవారికి ఈ వెల అర్థమగును. పైన జరీ కుచ్చులు, క్రింద పొడుచుకు వచ్చిన ప్రక్కటెముకలు. జీను ఒరిసిన చోట పుండు. తారురోడ్డుపై అరిగిన డెక్క. ఈ గుర్రాల సంగతి కలకత్తా హైకోర్టు వరకు వెళ్ళినది. బొంబాయిలో ఇట్టి విలాసపు బండ్లు చట్టవిరుద్ధమని అక్కడి హైకోర్టు 2015లో తీర్పు చెప్పినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. బండివాడు పేదవాడు. సవారీ దొరికిన నాడు అతని ఇంట పొయ్యి రాజును, గుర్రానికి దాణా పడును. దొరకని నాడు రెండునూ లేవు. 2020లో లాక్‌డౌన్ వచ్చి విహారయాత్రలు ఆగినప్పుడు ఆకలి అతని ఇంటికీ, గుర్రపుశాలకూ కలిసియే వచ్చినది. తన బిడ్డకు అన్నం పెట్టలేనివానిని ఉలవలేవని నిలదీయుట న్యాయమా?

పేదరికం అపరాధాన్ని పంచును గాని మాపివేయదు. ఆ పంపకంలో మొదటి వాటా బండి ఎక్కినవానిది. అతడు గంటసేపు ఆ గుర్రానికి యజమానియే. ఆ గంటకు మాత్రమే సొమ్ము చెల్లించి తక్కిన ఇరువదిమూడు గంటల ఆకలిని బండివాని మెడకు చుట్టిపోవుచున్నాడు. రెండవ వాటా బండ్లకు అనుమతినిచ్చి, నీటితొట్టినీ నీడనూ వైద్యునీ మరచే నగరానిది. బండ్లను నిషేధించినంత మాత్రాన ఈ ఋణం తీరదు. బండివానికి వేరొక జీవనం చూపక, గుర్రానికి ఆశ్రయం ఏర్పరచక చేసిన నిషేధం, కష్టాన్ని మన కన్నులయెదుటి నుండి తొలగించుట మాత్రమే.

భారతంలోని ద్రోణపర్వం తెలిసినవారికి ఒక ఘట్టం గుర్తుండును. సూర్యుడు క్రుంకకముందే సైంధవుని చంపవలెను. లేనిచో అర్జునుడు అగ్నిప్రవేశం చేయవలెను. అట్టి సమయంలో గుర్రాలు అలసినవి. యుద్ధం నడుమ రథాన్ని ఆపి, అర్జునుడు బాణంతో కొలను కల్పించగా, కృష్ణుడు వానిని విప్పి, గ్రుచ్చుకొన్న బాణాలు తీసి, మాలీసు చేసి, నీరు త్రాగించినాడు. జగన్నాథుడు గుర్రపువాని పని చేసినాడు. అది యుద్ధావసరమేనని ఎవరైనా అనవచ్చును. సేదదీరిన గుర్రం వడిగా పరుగెత్తును గదా! నిజమే. స్వలాభం ఉన్నంతవరకు ధర్మమూ లెక్కయూ కలిసి నడువవచ్చును. పరీక్ష ఆ తరువాత వచ్చును: కాలు కుంటువడి, ఇక ఏ సవారీకీ పనికిరాని నాడు ఆ గుర్రం ఎవరిది?

ఆనాడు అది నాదేనని అనగలిగినవాడే యజమాని. అంతవరకు దాని వీపుపై తిన్న అన్నం అప్పుగా తిన్నదే. ఇతర ఋణదాతలు వాకిట నిలిచి అడిగెదరు, ఇది అడుగలేదు. అడుగలేనివాని బాకీని అడుగకయే తీర్చుటలో మనిషి నిజాయితీ తెలియును.