నిద్ర లేని తల్లి

కృష్ణాతీరమున, ఘంటసాల మండలములోని శ్రీకాకుళ క్షేత్రమును సేవించిన యాత్రికులకు శ్రీకృష్ణదేవరాయల స్వప్నవృత్తాంతము తెలియనిది కాదు. కళింగ దండయాత్రకు బయలుదేరిన రాయలు విజయవాడలో కొన్నాళ్ళు విడిసి, శ్రీకాకుళమునకు వచ్చి ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలో సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెను. ఆముక్తమాల్యద పీఠికలో రాయలే ఈ సంగతి చెప్పుకొనెను.

ఉపవాసముతో పరుండిన రాజునకు నిద్ర పట్టెను. ఆ నిద్రలో స్వామి దర్శనమిచ్చెను. అశోకవనములోని సీతమ్మకు ఆపాటి నిద్రయు లేదు. శింశుపావృక్షముపై హనుమంతుని చూచి ఆమె ఇది కలయేమోనని శంకించెను; కలలో వానరము కనబడుట కీడని భయపడెను. అంతలోనే, శోకముచే నాకు నిద్రయే లేదు గదా, ఇది కల యెట్లగునని తనకు తానే చెప్పుకొనెను. సుందరకాండ పారాయణ చేయువారు ఈ మాటను త్వరత్వరగా దాటిపోవుదురు. ఇక్కడ కొంత ఆగవలెను.

ఆ తల్లి నిద్రను హరించినదేమి? రావణుడు రెండు మాసముల గడువు పెట్టి, అది దాటినచో చంపించి ఆహారము చేసికొందునని చెప్పి వెళ్ళెను. పిమ్మట రాక్షసస్త్రీలు చుట్టుచేరి ఒకతె తరువాత ఒకతె బెదిరించిరి, ఆశపెట్టిరి, రాముని తూలనాడిరి. ఆ వనమున ఆమె మేనిపై కత్తి పడలేదు, పడినవన్నియు మాటలే. ఉద్యోగపర్వములో ధృతరాష్ట్రునకును నిద్ర రాలేదు. ఆ ఘట్టమునకు ప్రజాగరమనియే పేరు. కాని అతని జాగరణకు కారణము అతని పక్షపాతము, సీతమ్మ జాగరణకు కారణము పరుల దౌష్ట్యము. రెంటిని ఒక త్రాటితో కట్టరాదు.

“కొట్టలేదు గదా, ఒక మాట అన్నంత మాత్రాన ఏమి?” అని ఇండ్లలో తరచు వినబడును. నిత్యము నిందలు, బెదిరింపులు పడువారి దేహము రాత్రియు కాపలా కాయుచునే యుండునని వైద్యులు చెప్పుదురు. పరుండినంతనే గుండె వేగముగా కొట్టుకొనును. కోడికునుకు పట్టినను తలుపు గడియ చప్పుడునకు ఉలికిపాటు. పగలు పడిన మాటలే పీడకలలై మరల వినబడును. ఆ ఇంటిని విడిచి ఏండ్లు గడచినను కొందరికిది పోదు. నిద్ర చాలక మరునాడు పనిలో పొరపాటు జరుగును. దానికి మరల తిట్లు. 2005 నాటి గృహహింస చట్టము మాటలచే మనసును బాధించుటను కూడ హింసగానే లెక్కించినది.

భక్తిగల గృహములలో మరియొక పొరపాటు కలదు. నిద్రపట్టుట లేదని కోడలో, తల్లిలేని పిల్లయో చెప్పుకొనినచో, “నామము చేసికొనుము, అదే పట్టును” అందురు. నామము మంచిదే. అయితే సీతమ్మ రాముని తలపక యున్న క్షణమున్నదా? ఆమె భక్తిలో కొరత యున్నదని పలుకగల నోరున్నదా? అయినను నిద్ర రాలేదు. చుట్టును రాక్షసస్త్రీలు అరచుచునే యుండిరి. ముందు ఆ అరుపు మానవలెను. నిద్రలేమి వారముల తరబడి సాగినచో వైద్యునికి చూపుట భక్తికి లోపము కాదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలి మానస్ వారు ఏ వేళనైనను తెలుగులోనే మాటలాడుదురు; 2022 నుండి ఈ సేవ ఉచితముగా సాగుచున్నది.

బెదరిన వారితో మెలగవలసిన తీరు హనుమంతునికి తెలియును. అతడు ఎదుటికి దూకలేదు. ద్విజుని వలె సంస్కృతము పలికినచో రావణుడేయని ఆమె భయపడునని తలచి, సామాన్య మానవుల మాటలో, చెట్టుపైనుండియే, మెల్లగా రామకథ వినిపించెను. దిగి దగ్గరకు రాగా ఆమె మాయావేషమున వచ్చిన రావణుడేమోనని మరల బెదరెను. ఇంత సముద్రము దాటివచ్చితిని, నమ్మవేమని అతడు విసుగుకొనలేదు. నమస్కరించి, ఆమె అడిగిన రాముని గుర్తులన్నియు ఓర్పుతో వర్ణించి, పిమ్మట ఉంగరమిచ్చెను. అక్కడ రామునకును నిద్ర లేదని, కునుకు పట్టినను సీతాయనుచు మేల్కొనునని చెప్పెను.

తిరుగు ప్రయాణమునకు సిద్ధపడిన హనుమంతుని సీతమ్మ వేడుకొనినది ఒక్కటే: వీలైనచో ఒక్క దినము ఎక్కడనైన చాటున విశ్రమించి వెళ్ళుమని, అతడు దగ్గర నున్నచో తన శోకము ఒక్క ముహూర్తమైనను తగ్గునని.