దాంపత్యమున నమ్మకము: శ్రావకుని వ్రతము, చేతిలోని ఫోను

 

వర్తకము నమ్మకము మీద నడచునని ఎరుగని వ్యాపారి లేడు. ఖాతాలో వ్రాసిన పద్దును నమ్మి సరుకు అరువిత్తురు. గుమాస్తాను నమ్మి తిజోరీ తాళపుచెవి అప్పగింతురు. ముఖమెరుగని పరాయి ఊరి వర్తకుని ఒక్క మాటను నమ్మి లారీ నింపి పంపుదురు. ఇట్టివారి ఇండ్లలోనే నేడు భర్త భార్య ఫోనును, భార్య భర్త ఫోనును చాటుగా తెరచి చూచుట వినవచ్చుచున్నది. అంగడిలో పరాయివారికి దొరకు నమ్మకము ఇంటిలో అయినవారికి కరవగుట మిక్కిలి విచారింపదగిన సంగతి.

చంద్రపురమును ఆనుకొనియున్న దుర్గాపూరునే చూడుడు. అచ్చట బొగ్గుగని కలదు, పెద్ద విద్యుత్కేంద్రము కలదు, ఆ వెనుక తాడోబా అడవి కలదు. పనివారు షిఫ్టుల చొప్పున రాత్రింబవళ్లు పనికి పోవుచుందురు. వారిని నమ్ముకొన్న అంగళ్లవారు సరుకు కొరకు నాగపూరు పోయి వచ్చుచుందురు. అట్టి ఇండ్లలో ఆలుమగలు కూర్చుండి మాటాడుకొను వేళ తక్కువ. సగము కాపురము ఫోనులోనే నడచును. 2022 ఫిబ్రవరిలో ఆ ప్రాంతమున పులియు చిరుతయు మనుష్యులను పొట్టనబెట్టుకొన్నవి. అట్టి చోట రాత్రి ఆలస్యమైన భర్తకు ఫోను చేసి, "ఎక్కడున్నారు? ఇంకెంత సేపు?" అని భార్య అడుగుట ప్రేమయే గాని అనుమానము కాదు. ఇద్దరును ఒప్పుకొని, ఒకరున్న చోటు ఒకరికి తెలియునట్లు ఫోనులో అమర్చుకొనినను దోషము లేదు.

దోషము చాటుతనములోనున్నది. తాడోబాలో పులుల జాడ తెలియుటకై అటవీశాఖవారు చెట్లకు కెమెరాలు కట్టుదురు. పులిని అడిగి తెలిసికొను వీలు లేదు గనుక ఆ ఏర్పాటు. కట్టుకొన్న భార్యను అడుగవచ్చును, చేపట్టిన భర్తను అడుగవచ్చును. నిద్రించువాని వ్రేలు పట్టి ఫోను తెరచుట, భార్య స్నానమునకు పోయిన రెండు నిమిషములలో ఆమె వాట్సాప్‌ను తన యంత్రమునకు కలుపుకొనుట, ఆమె ఎరుగకుండ గూఢచారి యాప్ నొకదానిని అందులో దాచుట, ఇవన్నియు మనిషిని అడవిమృగముగ ఎంచుటయే యగును.

ఈ విషయమున జైనాగమము మౌనముగ లేదు. ఉపాసకదశాంగ సూత్రములో శ్రావకుని సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. అందు మొదటిది సహసాభ్యాఖ్యానము, అనగా విచారింపకయే ఒకరిపై నింద మోపుట. రెండవది రహస్యాభ్యాఖ్యానము. ఏకాంతమున మాటాడుకొనువారిని చూచి ఏదో కుట్ర సాగుచున్నదని ఆడిపోసికొనుటయు ఇందులోనిదేనని వ్యాఖ్యాతలు వివరించిరి. మూడవది స్వదారమంత్రభేదము, అనగా భార్య నమ్మి చెప్పిన మాటను బయటబెట్టుట. అబద్ధము మాత్రమే సత్యవ్రతమును చెరచునని తలచువారు ఈ మూడవదానిని శ్రద్ధగా గమనింపవలెను. బయటబెట్టిన మాట నిజమే కావచ్చును. అయినను వ్రతమునకు మచ్చ పడును. భార్య తన పుట్టింటి కష్టమును గూర్చి వ్రాసికొన్న నాలుగు మాటలను స్క్రీన్‌షాటు తీసి, తల్లికి, అక్కచెల్లెండ్రకు పంపు భర్త చేయుచున్నది అక్షరాల ఇదే. భర్త వ్యాపార నష్టమును గూర్చి చెప్పుకొన్నది బంధువుల గ్రూపులో పెట్టు భార్యకును ఇదే వర్తించును.

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో న్యాసాపహారము, అనగా దాచుమని ఇచ్చిన సొమ్మును అపహరించుట, ఒకటి. సొమ్ము దాచమన్న వారిని మోసగింపరాదని వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు. నమ్మి చెప్పిన మాటయు అట్టి దాపుడు సొమ్మే. ఇక ఇయ్యనిది తీసికొనుట అదత్తాదానము. ఆ మాట వస్తువులకు చెప్పినదే యైనను, దాని భావమును గ్రహించినవాడు, ఇయ్యని మాటను దొంగిలించుట తనకు తగునని ఎట్లు అనుకొనగలడు?

జైన రామాయణములయందలి అంజనా పవనంజయుల కథ ఎరుగని శ్రావిక అరుదు. వివాహమునకు ముందు పవనంజయుడు మిత్రుడైన ప్రహసితునితో కూడి రాత్రివేళ అంజన మేడకు పోయి చాటుననుండి చెలికత్తెల మాటలు వినెను. ఒక చెలి పవనంజయుని పొగడెను. మరియొక చెలి విద్యుత్ప్రభుడే మేలని పలికెను. అంజన ఏమియు అనలేదు. ఆమె సిగ్గుచే ఊరకుండెనని అతనికి తోచలేదు. ఆ మౌనమును తనయెడ తిరస్కారముగ ఎంచెను. పెండ్లియాడియు ఇరువదిరెండు సంవత్సరములు ఆమె ముఖము చూడలేదు. తుదకు యుద్ధమునకు పోవుచు, సరస్తీరమున జంటనెడబాసి విలపించు చక్రవాకమును చూచినప్పుడు గాని అతని మనసు కరగలేదు. ఆ రాత్రి రహస్యముగ వచ్చి పోయిన ఫలితముగ అంజన గర్భవతి కాగా, అత్త కేతుమతి నమ్మక ఆమెను వెళ్లగొట్టెను. పుట్టింటివారును చేరదీయలేదు. హనుమంతుని వంటి పుత్రుడు అడవిలోని గుహలో పుట్టవలసి వచ్చెను.

ఈ కథలో పవనంజయుని చెవి అతనిని మోసగింపలేదు. విన్న మాటలు నిజముగ ఆడినవే. అయినను చాటున విన్నవానికి మాట దొరకునే గాని, మాటవెనుకనున్న మనసు దొరకదు. ఆ కొరతను అతడు తన క్రోధ మానములతో పూరించుకొనెను. ఫోనులో చిక్కిన సందేశమును చూచువానికి జరుగునదియు అదే. ఒక నవ్వు బొమ్మ, సగము వాక్యము, చెరిపివేసిన సందేశపు ఆనవాలు, వీనికి అర్థమునిచ్చునది చూచువాని కషాయమే. రాత్రంతయు వానిని త్రిప్పి త్రిప్పి చూచుట అపధ్యానమగును. అనర్థదండవ్రతము విడువుమని చెప్పిన చెడు చింతన అది.

దేశపు న్యాయస్థానములును ఈ సంగతిని విచారించినవి. భార్య తన తల్లిదండ్రులతోను స్నేహితులతోను ఫోనులో మాటాడినదానిని ఆమె ఎరుగకుండ భర్త రికార్డు చేసిన వ్యవహారమున, అట్లు చేయుట ఆమె ఏకాంతపు హక్కును భంగపరచుటయేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పెను. ఆ తీర్పు 2008 నాటి న్యాయనివేదికలలో అచ్చయినది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతము ప్రాథమిక హక్కని ప్రకటించినది. 2025 జూలై 14న అదే సుప్రీంకోర్టు, దాంపత్య వ్యాజ్యములలో అట్టి రహస్య రికార్డులను సాక్ష్యముగ స్వీకరింపవచ్చునని తీర్పిచ్చినది. అయితే భార్యాభర్తలు ఒకరిపై ఒకరు నిఘా వేయు స్థితికి వచ్చిరన్నచో, ఆ బంధము అంతకుముందే చెడినదనుటకు అదియే గుర్తని ఆ తీర్పులోనే అన్నది. కోర్టు చూచునది విరిగిన కాపురమునకు సాక్ష్యము. శ్రావకధర్మము చూచునది కాపురము విరుగకుండుట.

ఏకాంతమను మాటను అడ్డుపెట్టుకొని తప్పు చేయవచ్చునా యని అడుగువారు కలరు. చేయరాదు. స్వదారసంతోషవ్రతము తీసికొన్నవాడు దానిని తాళము వెనుక భంగపరచి, "నా ఫోను నా ఇష్టము" అనుట మాయాశల్యమే. శల్యము లేనివాడే వ్రతియని తత్త్వార్థసూత్రము నిర్వచించినది. దాచువానికి ఆ ముల్లు ఎట్లో, చాటున వెదకువానికిని అట్లే. ఒకడు తన చేతను దాచును, ఒకడు తన చూపును దాచును. ఇద్దరి మధ్యను మాయయే కాపురము చేయుచుండును.

మరి నిజముగ అనుమానము కలిగినప్పుడు ఏమి చేయవలెను? భాగస్తునిపై అనుమానము వచ్చిన వర్తకుడు అర్ధరాత్రి అతని పెట్టె పగులగొట్టడు. పగటివేళ ఎదుట కూర్చుండబెట్టి, "ఈ పద్దు నాకు తెలియుట లేదు, చెప్పుము" అని అడుగును. ఇంటను అట్లే అడుగవలెను. కోపము చల్లారిన తరువాత, పిల్లలు లేని వేళ, నింద మోపక, తన మనసులోని బాధనే ముందు చెప్పవలెను. జవాబు పూర్తిగ వినవలెను. అంజన మౌనమును తలచుకొని, మౌనమునకు అర్థమును తానే కల్పింపక, అడిగి తెలిసికొనవలెను. ఇద్దరివలన కానిచో, ఇద్దరును నమ్మిన ఒక పెద్దను పిలువవలెను. కొట్టుట, బెదరించుట ఉన్న ఇంట మాత్రము వ్రతము పేరిట ఓర్చుకొని కూర్చుండరాదు. పుట్టింటివారి సాయము, చట్టము సాయము తీసికొనుట ధర్మమే.

వాణిజ్యగ్రామ వాసియైన ఆనందశ్రావకుడు గొప్ప ధనికుడు. మహావీరస్వామి సన్నిధిని పన్నెండు వ్రతములు స్వీకరించి ఇల్లు చేరి, భార్య శివానందతో ఆ సంగతి చెప్పి, ఆమెనుగూడ స్వామి దర్శనమునకు పోయి వ్రతములు గైకొనుమనెను. ఆమె తానే పోయి, తన నోట తానే వ్రతములు స్వీకరించెను. భార్య తరఫున భర్త వ్రతము పట్టలేదు, ఆమె వ్రతమునకు కావలి కూర్చుండలేదు. ఆమె ఆత్మ ఆమెది, ఆమె కర్మల ఖాతా ఆమెది. ఒకరి శీలమును మరియొకరు నిఘా వేసి కాపాడుట ఎన్నటికిని సాధ్యము కాదు.

సాయంకాలము ప్రతిక్రమణమున కూర్చుండినవాడు తెరచి చూడవలసినది తన దినచర్యనే. సంవత్సరి నాడు ఊరివారందరికిని ఫోనులో "మిచ్ఛామి దుక్కడం" పంపువారు ఆ మాటను మొదట ఇంటిలోని భార్యకు, భర్తకు ఎదుట నిలిచి చెప్పవలెను. చాటుగా చూచిన వారు చూచితిమని ఒప్పుకొనవలెను, దాచినవారు దాచితిమని ఒప్పుకొనవలెను. దాచిన యాప్‌ను ఆ రోజే తీసివేయవలెను. అట్లు ఒప్పుకొన్న ఇంట పోయిన నమ్మకము మెల్లగ తిరిగి వచ్చును.

జై జినేంద్ర.