రేసుకు పేరిచ్చే ముందు

అమ్మడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ మీద పెద్ద పితూరీ చదివింది. ముప్పై ఏడేళ్లొచ్చాయి, పిల్లాడు మూడో క్లాసుకొచ్చాడు, ఇప్పుడు దీనికి సైకిల్ పందేలేమిట్రా, నువ్వైనా నాలుగు చీవాట్లు పెట్టు అంది. ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఇవే పందేల కోసం కుర్రతనంలో మా నాన్న చేత తిట్లు తిన్నవాణ్ణి, నీకు చీవాట్లు పెట్టే మొహం నాకెక్కడిది? దిగు తల్లీ. కాకపోతే దిగుతున్నది దేనిలోకో తెలుసుకుని దిగు.

200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ ఒకే సీజన్లో ముగించి సూపర్ రాండనర్‌వి అయ్యావు. మాటలు కాదు. ఆ ధీమాతోనే రేసెంతలే అనుకుంటున్నావని నా అనుమానం. బ్రెవే రేసు కాదని దాన్ని నడిపేవాళ్లే చెబుతారు. 200కి పదమూడున్నర గంటలు గడువు. ఆలోపు చేరితే చాలు, ముందొచ్చినవాళ్లకి ఎక్కువా లేదు, వెనకొచ్చినవాళ్లకి తక్కువా లేదు. మధ్యలో దాబా దగ్గర ఆగి టీ తాగొచ్చు. రేసులో నీ ఇష్టమొచ్చిన వేగంతో తొక్కే వీలే ఉండదు. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో ముందున్నవాళ్లు తేలుస్తారు. మలుపు తిరగ్గానే సీటు మీంచి లేచి పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కుతారు. ఆ పది సెకన్లు వాళ్ల వెనక చక్రాన్ని వదిలేశావా, ఆ పైన మిగిలిన దూరమంతా ఎదురుగాలికి ఒంటరిగా తొక్కుకుంటూ రావాలి.

ఇంజనీరువి, గాలి లెక్క నాకంటే నీకే బాగా తెలియాలి. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక మనం పడే శ్రమలో చాలాభాగం గాలిని తోసుకుపోవడానికే సరి. ఆ శ్రమ వేగపు ఘనం (మూడో ఘాతం) చొప్పున పెరుగుతుంది. గంటకి 30 కిలోమీటర్ల నుంచి 36కి వెళ్లావంటే వేగం పెరిగింది ఐదో వంతే, గాలికి చెల్లించాల్సింది మాత్రం 70 శాతం పైచిలుకు పెరుగుతుంది. అదే ఇంకొకరి వెనక దగ్గరగా తొక్కితే పావు వంతు నుంచి మూడో వంతు దాకా శక్తి మిగులుతుంది. రోడ్డు రేసులో గెలుపోటములు చాలావరకు ఈ మిగులు దగ్గరే తేలతాయి. పవర్ మీటర్లో అంకె చూసుకుని మురిసిపోతున్నావని అల్లుడు చెప్పాడు. నీకంటే ముప్పై వాట్లు తక్కువున్న మనిషి దారంతా నీ వెనకే వచ్చి, ఆఖరి రెండొందల మీటర్లలో నిన్ను దాటేసి పోతుంది. అప్పుడు అన్యాయమని గొడవపడకు. అందులో మోసమేమీ లేదు. ఆ విద్య ఆమెకి వచ్చు, నీకు ఇంకా రాదు.

నువ్వు వెంటనే అన్నా కీసెన్‌హోఫర్ పేరు ఎత్తుతావని నాకు తెలుసు. నీ ఫోన్ మీద ఉన్నది ఆవిడ బొమ్మే కదా. 2021 జూలై 25, టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసు, 137 కిలోమీటర్లు. గణితంలో డాక్టరేట్ చేసి, స్విట్జర్లాండ్‌లో పరిశోధన చేసుకుంటున్న ఆస్ట్రియా మనిషి. ఆ ఏడు ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేదు. రేసుల్లోకి వచ్చిందే ఇరవై దాటాక. జెండా ఊపగానే ముందుకు దూకింది, వెంట వచ్చినవాళ్లందరూ ఒక్కొక్కరే జారిపోయాక ఒంటరిగా వచ్చి, నిమిషం పదిహేను సెకన్ల తేడాతో స్వర్ణం కొట్టింది. రెండో స్థానంలో వచ్చిన డచ్ దిగ్గజం వాన్ ఫ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులు పైకెత్తేసింది. ఒలింపిక్స్‌లో చెవిలో రేడియోలుండవు. ముందు ఇంకో మనిషి మిగిలి ఉందని అక్కడ చాలామందికి తెలియనే లేదు.

ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరించే రేసు, కాదనను. అయితే ఆమె మొదట్లోనే ఎందుకలా పారిపోయిందో కూడా చూడు. గుంపులో తొక్కడం తనకు నప్పదని ఆమే చెప్పుకుంది. గుంపుకు దొరక్కుండా పోవడమే ఆమె వేసుకున్న ఎత్తు. ఎదుటివాళ్లు నిన్ను లెక్కలోకి తీసుకోని రోజున ఆ ఎత్తు పారుతుంది. ఒకసారి పారాక మళ్లీ ఎవరూ వదలరు. ఆమె గుండె ధైర్యానికి దణ్ణం పెట్టు, ఆమె ఎత్తును మాత్రం నీ మొదటి రేసులో ప్రయోగించకు.

నీ వయసుకీ నీ సంసారానికీ దగ్గరగా ఉన్న మనిషి ఇంకొకావిడ ఉంది, అమెరికాకు చెందిన క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. (లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ ఈమెకీ చుట్టరికం లేదు, అతని డోపింగ్ గొడవ ఈమెకు అంటగట్టకు.) ట్రయథ్లాన్‌లో ఉండగా 2001లో తుంటి కీళ్లు అరిగిపోతున్నాయని తేలి పరుగు వదిలేసుకుంది, సైకిల్ పట్టింది. 2008, 2012, 2016 మూడు ఒలింపిక్స్‌లోనూ వ్యక్తిగత టైమ్ ట్రయల్ స్వర్ణం ఆమెదే. మూడోది రియోలో, వానలో, నలభై మూడో పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు. అప్పటికి కొడుక్కి ఐదేళ్లు.

టైమ్ ట్రయల్‌లో అందరినీ ఒకేసారి వదలరు. కాస్త ఎడం ఇచ్చి ఒక్కొక్కరినే పంపుతారు. ఒకరి వెనక ఇంకొకరు చేరి తొక్కడం నిషేధం. నీ ఊపిరి, నీ కాళ్లు, ఎదురుగా గడియారం. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకి ఇంతకంటే న్యాయమైన పోటీ లేదు. కొండ ఎక్కే రేసులూ మంచివే, అనంతగిరి ఎక్కుడు మీద నువ్వు ఎలాగూ సాధన చేస్తూనే ఉన్నావు. ఎక్కుడులో వేగం తక్కువ, పడినా దెబ్బ తక్కువ. దిగేటప్పుడు మాత్రం తొందరపడకు.

ఇక గుంపు. దీని గురించే నేను ఎక్కువ చెప్పాలి. పందేలు తొక్కడం మానేశాక కూడా మార్షల్‌గా జెండా పట్టుకుని మలుపుల దగ్గర చాలా నిలబడ్డాను. మనుషులు ఎలా పడతారో దగ్గర్నుంచి చూశాను. వేగం వల్ల పడేవాళ్లు తక్కువ. ముందున్నవాడి వెనక చక్రం పక్కకి నీ ముందు చక్రం చేరుతుంది, ఒక జానెడు లోపలికి. ఏమీ కాలేదు కదా అనుకుంటావు. వాడు గుంత తప్పించడానికి మూరెడు పక్కకు జరుగుతాడు. రెండు టైర్లూ రాసుకుంటాయి. వాడికి ఏదో తగిలినట్టుంటుంది, అంతే, వెళ్లిపోతాడు. కింద పడేది నువ్వు. నీ మీద నీ వెనకున్న నలుగురు. అందుకని నీ చక్రం ఎప్పుడూ ముందువాళ్ల చక్రానికి వెనకే ఉండాలి గానీ పక్కకు చేరకూడదు.

చూపు కూడా చక్రం మీద పెట్టకు. ముందున్నవాళ్ల నడుం మీద, భుజాల మీద పెట్టు. సైకిల్ కదలబోయే ముందు మనిషి కదులుతాడు. వేగం తగ్గించాలంటే బ్రేకు గట్టిగా నొక్కకు, ఒళ్లు నిటారుగా లేపు, గాలే నిన్ను ఆపుతుంది. సీటు మీంచి లేచేటప్పుడు ఇంకో కిటుకుంది. చాలామంది లేచే క్షణంలో పెడల్ మీద బరువు వదిలేస్తారు, సైకిల్ ఒక అడుగు వెనక్కి పోయినట్టవుతుంది, వెనకవాళ్ల గుండె గుభేలంటుంది. పెడల్‌ని కిందికి తొక్కుతూ, ఆ ఊపుతోనే లేవాలి. నీళ్లు తాగాలంటే గుంపు చివరికొచ్చి తాగు.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు. మీ క్లబ్బులో నమ్మకమైన స్నేహితురాల్ని ఒకర్ని పట్టుకుని గడ్డి మైదానానికి పో. నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో పక్కపక్కన తొక్కండి, మోచేతులు తగిలేలా. తర్వాత భుజాలు ఆనించి తొక్కండి. బాటిల్ కింద పెట్టి, సైకిల్ దిగకుండా వంగి తీయండి. ఆఖర్న, కావాలనే నీ ముందు చక్రాన్ని ఆమె వెనక చక్రానికి ఆనించు. బిగుసుకుపోయావంటే పడతావు, ఒళ్లు వదులుగా ఉంచితే నిలుస్తావు. గడ్డిలో పడితే మోకాలు దోక్కుపోతుంది. అదే తారు మీద 40 వేగంలో పడితే కాలర్ బోన్‌కి ప్లేటు వేయించుకుని, రెండు నెలలు కీబోర్డు కూడా ఒంటిచేత్తో కొట్టుకోవాలి. పక్కవాళ్ల భుజం తగిలినా గుండె దడ రాని రోజున గుంపు రేసుకు పేరివ్వు. అంతకు ముందు వద్దు.

ఒంటి సంగతి. నీ వయసులో కూడా కాళ్లు త్వరగానే బలపడతాయి, ఆర్నెల్లు పద్ధతిగా తొక్కితే నీకే తేడా తెలుస్తుంది. ఆలస్యమయ్యేది కోలుకోవడమే. ఇరవై రెండేళ్ల పిల్ల ఇవాళ తొక్కి రేపు మళ్లీ తొక్కుతుంది. నువ్వు తొక్కకు. వారానికి రెండు రోజులు గట్టిగా, మిగతా రోజులు పక్కనున్నవాళ్లతో కబుర్లు చెప్పుకోగలిగినంత తేలికగా. మొదలుపెట్టే ముందు గుండె డాక్టరు దగ్గర ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూపించుకో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఎక్కుడులో ఆయాసం వస్తే సాధన చాల్లేదనుకుని ఇంకా ఎక్కువ తొక్కుతారు, అసలు కారణం ఒంట్లో ఇనుము లేకపోవడం కావచ్చు.

ఇంకొకటి, సైకిల్ ఎంత తొక్కినా ఎముకలు గట్టిపడవు. బరువంతా సీటు మోస్తుంది కదా. నలభైకి దగ్గర పడుతున్న ఆడదానివి, వారానికి రెండు రోజులు బరువులెత్తు, లిఫ్టు మానేసి మెట్లెక్కు.

తిండి దగ్గర పిసినారితనం చేయకు. కార్తీక సోమవారం ఉపవాసం, మంగళవారం పొద్దున్నే గట్టి రైడ్ అంటే కుదరదు, దేవుడు కూడా ఒప్పుకోడు. గంట దాటిన రైడ్‌లో గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది, రెండు జేబులో వేసుకో. బరువు తగ్గితే కొండ తేలిగ్గా ఎక్కొచ్చని కడుపు మాడ్చుకుంటున్నవాళ్లని చూస్తున్నాను. నెలసరి తప్పుతోందంటే ఒంటికి తిండి చాలడం లేదేమో అనుకుని డాక్టరు దగ్గరికి పొమ్మని మీ అత్తయ్య పక్కన కూచుని రాయిస్తోంది. ప్యాడ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోవద్దనీ, ఇంటికి రాగానే ముందు అవి మార్చుకోమనీ కూడా రాయమంది. రాశాను.

సైకిల్ మార్చాలని చూస్తున్నావట. వద్దు. అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు. ఆ అంకె దగ్గరికి రావడానికి లక్షలు పోస్తారు, తమ ఒంట్లోనే అంతకంటే ఎక్కువ తగ్గించుకోగలిగిన పెద్దమనుషులు. ఉన్న అల్యూమినియం సైకిలే చాలు. మంచి టైర్లు వేయించు, మంచి హెల్మెట్ కొను, ఎరిగినవాళ్ల చేత సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేయించుకో.

ఎక్కడ తొక్కాలన్నది హైదరాబాదులో పెద్ద చిక్కే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది. తేలిక రైడ్లకి బంగారం లాంటి చోటు. అక్కడ మాత్రం తల వంచుకుని స్ప్రింట్లు కొట్టకు, చిన్న చక్రాల సైకిళ్ల మీద పిల్లలు వస్తుంటారు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ కట్టారు. దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుని ఉంటే నీలాంటివాళ్లు ఇవాళ కుక్కలనీ రాంగ్ సైడ్ బైకులనీ తప్పించుకుంటూ సాధన చేసే ఖర్మ ఉండేది కాదు. ఆ మాట ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం. గట్టిగా తొక్కే రోజున ఒంటరిగా వెళ్లకు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించుకో.

అల్లుడితో ఒక మాట ముందే అనుకో. నెలలో ఏ రెండు ఆదివారాలు నీవి, ఏ రెండు అతనివి. ఇంట్లో మొహాలు మాడ్చుకుని బయల్దేరిన రైడ్‌లో కాళ్లు ఆడవు. మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్, నేను చూసుకుంటాను.

ఈ ఏడాది టైమ్ ట్రయల్స్‌కీ, కొండ రేసులకీ మాత్రమే పేరివ్వు. గుంపు రేసు సంగతి వచ్చే సంక్రాంతి దాటాక, ఆ గడ్డి మైదానంలో నువ్వెలా తొక్కుతున్నావో నేను స్వయంగా వచ్చి చూశాక మాట్లాడుకుందాం. ముందు ఈ వారంలోగా రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు నాకు పంపు.