కుదురైన పడవను కోరుట అవిశ్వాసమా?



మీలో పలువురు చెరువుగట్లమీదను, కొల్లేటి లంకలలోను, జలాశయముల ఒడ్డునను కాపురముండి వలమీదనే బ్రదుకు సాగించుచున్నవారు. అట్టి మీతో నేడు పడవను గూర్చి మాటలాడగోరుచున్నాను. బోధకునికి పడవల ఊసు ఎందుకని మీరనవచ్చును. ఎందుకో మొదట చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పెద్ద జలాశయపు ఒడ్డున నున్న సంఘములో పరిచర్య చేయుచుండగా, ఒక యువకుడు సాయంకాలమున మా యింటికి వచ్చి, "అయ్యగారూ, పడవ కొంటున్నాను. ప్రార్థన చెయ్యండి" అనెను. అమ్మకమునకు రెండు పడవలున్నవట. ఒకటి సన్ననిది, తేలికైనది, వేగముగా పోవునది, వెల తక్కువ. రెండవది వెడల్పైనది, బరువైనది, తెడ్డు వేయుటకు శ్రమ, వెల ఎక్కువ. "మా మామ వెడల్పుదే తీసుకోమంటున్నాడు. దేవుడు కాపాడేవాడైతే ఏ పడవైతేనేం అయ్యగారూ?" అని అతడు నవ్వెను.

ఆ మాట నా చెవికి ఇంపుగా నుండెను. ఇంత విశ్వాసముగల పిల్లవాడు మన సంఘములో నున్నాడుగదా అని సంతోషించితిని. వేరొక కూడికకు పోవలసిన తొందరలో నుంటిని. అతని తలమీద చేయి యుంచి ప్రార్థించి పంపివేసితిని. పడవను గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

అతడు సన్ననిదానినే కొనెను. మరుసటి వేసవి చివర, తొలకరి మబ్బులు పట్టిన యొక సాయంకాలమున, అతడును అతని తమ్ముడును వల తీయుచుండగా గాలి లేచెను. వల లాగుటకు ఇద్దరును ఒకే ప్రక్కకు వంగిరి. అదే సమయమున ప్రక్కనుండి వచ్చిన అల పడవను బోర్లించెను. అన్న బోర్లపడిన పడవను పట్టుకొని బ్రదికెను. తమ్ముడు మూడవ దినమున దొరికెను.

సమాధి కార్యక్రమము ముగిసిన తరువాత ఆ యువకుడు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, నా విశ్వాసం చాలలేదా?" అని అడిగెను. ఆ దినమున నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు చెప్పగలను. అతని విశ్వాసము చాలకపోలేదు. పడవ వెడల్పు చాలలేదు. అడుగవలసినది అడుగని బోధకుని జాగ్రత్త చాలలేదు.

కావున మనము విచారింపవలసిన ప్రశ్న యిది. దేవుని నమ్మినవాడు గాలికి నిలుచు పడవను వెదకుట అవిశ్వాసమా?

మొదట నీటి సంగతి చూడుడి. గాలి ఎంత బలముగా, ఎంతసేపు, ఎంత దూరము అడ్డులేక నీటిమీద వీచునో, అల అంత పెద్దదగును. సరస్సులలో అలలు సముద్రపు అలలవలె పొడవుగా సాగి రావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట నొకటి దగ్గర దగ్గరగా కొట్టును. పడవ ఒక అలనుండి తేరుకొనక మునుపే రెండవది మీద పడును.

ఇక పడవ సంగతి. పడవ ఒరిగినప్పుడు, నీటిలోనికి దిగిన ప్రక్కను నీరు పైకి నెట్టును. పడవ వెడల్పైన కొలది ఆ నెట్టుడు నడిమినుండి దూరముగా పడి, పడవను మరల నిలువబెట్టును. వెడల్పు కొంచెము పెరిగినను కుదురు మిక్కిలి పెరుగును. బరువు అడుగున నుండిన యెడల కుదురు. పైన నుండిన యెడల, అనగా మనుష్యులు లేచి నిలిచినను, వల గుట్టగా పేర్చినను, కుదురు తగ్గును. చదునైన అడుగుగల పడవ నిలుకడ నీటిలో కదలక యుండును గాని, నిటారైన అల ప్రక్కనుండి వచ్చినప్పుడు అల వాలునుబట్టి తానును వాలును. గనుక అంచులు తగినంత ఎత్తు ఉండవలెను. అణియమును, అనగా ముందుకొసను, అలకు ఎదురుగా నిలుపవలెను. సరకుతోను మనుష్యులతోను నిండిన తరువాత అంచు నీటికి జానెడు ఎత్తైనను మిగులని పడవ గాలిలో పనికిరాదు. అడుగున చేరిన నీరు ఒరిగిన ప్రక్కకే పరుగెత్తి పడవను మరింత క్రుంగదీయును. కనుక దానిని తోడుచుండవలెను. ఈ నియమములన్నియు దేవుడు సృష్టిలో ఉంచినవే. వాటిని ఎరిగి నడచుకొనుట ఆయనను నమ్మకపోవుట ఎట్లగును?

ఇప్పుడు గలిలయ సముద్రమునకు రండి. పేరు సముద్రమైనను అది మంచినీటి సరస్సే. పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, మిక్కిలి వెడల్పైన చోట 13 కిలోమీటర్లు. దాని నీటిమట్టము సముద్రమట్టముకంటె సుమారు 210 మీటర్లు దిగువను, కొండల నడుమ గిన్నెవలె నున్నది. ఎత్తైన ప్రదేశములనుండి చల్లగాలి వెచ్చని నీటిమీదికి దిగినప్పుడు, నిమ్మళముగా నున్న సరస్సు కొంతసేపటిలోనే అల్లకల్లోలమగును. ప్రభువు వెంబడించుమని పిలిచిన జాలరులు ఆ గాలిని ఎరిగినవారు.

1986వ సంవత్సరము జనవరిలో, వానలు లేక ఆ సరస్సు నీరు వెనుకకు పోయినప్పుడు, గినోసార్ అను చోట జాలరులైన ఇద్దరు అన్నదమ్ములు బురదలో ఒక పాత పడవను కనుగొనిరి. అది సుమారు రెండువేల యేండ్ల నాటిదని పండితులు నిర్ణయించిరి. అది శిష్యుల పడవయేనని చెప్పుటకు ఆధారము లేదు. వారి కాలపు జాలరులు ఎట్టి పడవలు వాడిరో దానివలన తెలియుచున్నది. పొడవు సుమారు 8.2 మీటర్లు, వెడల్పు 2.3 మీటర్లు. అనగా వెడల్పునకు పొడవు మూడున్నర రెట్లకు కొంచెము ఎక్కువ మాత్రమే. పలకలు ఎక్కువగా దేవదారువి. పక్కటెముకలవంటి లోపలి కఱ్ఱలు ఎక్కువగా సింధూరపువి. అయితే అనేక జాతుల కఱ్ఱముక్కలతో పలుమారులు అతుకులు వేసిన గుర్తులున్నవి. పాత పడవలనుండి తీసిన కఱ్ఱయు అందులో నున్నది. దాని యజమానుడు ధనవంతుడు కాడని తోచుచున్నది. అతడు కఱ్ఱలో పొదుపు చేసెను, వెడల్పులో చేయలేదు.

ప్రభువు తుపానును గద్దించిన సంగతి మనము ఎన్నిమారులో ప్రసంగించితిమి. ఆ పడవను మాత్రము మరచితిమి. అలలు కొట్టి నీరు నిండుచుండగా, నిద్రించుచున్న ఆయన లేచువరకు ఆ పడవ తేలియే యున్నది. ఎవరో ఒక వడ్రంగి చేసిన మంచి పని ఆ రాత్రి ప్రభువునకు పరిచర్య చేసెను.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును చదివి చూడుడి. ఒక్క ప్రాణమైనను పోదని దేవుడు పౌలునకు వాగ్దానమిచ్చెను. అంతటి వాగ్దానము దొరికిన తరువాత కూడ, నావికులు చిన్నపడవలో పారిపోవ యత్నించినప్పుడు, వారు ఓడలో నిలువనియెడల మీకు రక్షణ లేదని పౌలు శతాధిపతిని హెచ్చరించెను. ఓడ పనివారు చేయగలిగినది, పనివారు చేయవలెను. దేవుడు చేయవలసినది దేవుడు చేయును. చివరకు 276 మందియు ఒడ్డు చేరిరి. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు అడిగినప్పుడు ప్రభువు దుముకలేదని కూడ మనకు తెలియును. మనము మాత్రము కొన్ని వేల రూపాయలు మిగుల్చుకొనుటకు విశ్వాసమును అడ్డుపెట్టుకొందుమా?

ఇంకొక సంగతి కలదు. నా మనస్సును ఎక్కువగా పీడించునది ఇదియే. పడవను ఎన్నుకొన్నవాడు అన్న, నీళ్లపాలైనవాడు తమ్ముడు. ఆ చిన్నవానిని ఎవరును అడుగలేదు. నా ప్రాణమును నేను తెగించుట ఒకటి, నన్ను నమ్మి నా వెనుక కూర్చున్నవాని ప్రాణమును తెగించుట మరియొకటి. నీ భార్య చేపలబుట్టతో ఎక్కును, నీ బిడ్డ బడికి ఎక్కును, పొరుగువాడు సంతకు ఎక్కును. వారందరి తరపున నీవొక్కడవే బేరము చేయుచున్నావు. గనుక కుదురైన పడవను కోరుట భయము కాదు సుమా. పొరుగువానిని ప్రేమించుట అది, గాలి రాకమునుపే ప్రేమించుట.

"అయ్యగారూ, మా దగ్గర అంత డబ్బు లేదే" అని మీలో కొందరందురు. ఈ మాట నిజము, దీనిని త్రోసివేయలేను. అయితే మన పెద్దలు చేసిన ఉపాయము వినుడి. కొల్లేటి ప్రాంతమున తాటిమ్రానును తొలిచి దోనె చేయుట పూర్వమునుండి ఉన్నది. ఒంటి దోనె దొర్లును. అట్టి రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టినయెడల కదలక నిలుచును. దానికి సంగడి యని పేరు. మన భాషలో సంగడియనగా స్నేహమనియు అర్థము, స్నేహితుని సంగడికాడందుము. బీదవాని కుదురు పొరుగువాని ప్రక్కన నున్నది. సన్న పడవ వెలకును వెడల్పు పడవ వెలకును నడుమ నున్న తేడాను కోతకాలపు కానుకనుండి సంఘము అప్పుగా ఇచ్చిన యెడల, అది బలిపీఠమునకు తక్కువైన కానుక యగునా? లైఫ్ జాకెట్టు కొనలేనివానికి ఒకటి కొనిపెట్టుట పరిచర్య కాదా?

ఎంత మంచి పడవయైనను దిగరాని గాలి యొకటి ఉండును. అట్టి దినమున ఒడ్డున కూర్చుండి వల బాగుచేసికొనుట సోమరితనము కాదు. ఇట్లన్నియు చేసినను కీడు రాదని నేను చెప్పజాలను. మన చేతిలోనిది మనము చేసిన పిమ్మట, మిగిలినది ఆయన చేతికి అప్పగింతుము. చేయక అప్పగించుట అప్పగింత కాదు.

ఇప్పుడు ఎవరైనను "పడవ కొంటున్నాను, ప్రార్థన చెయ్యండి" అని వచ్చినయెడల, నేను ఇంటిలో ప్రార్థింపను. వారితో కూడ నీటియొద్దకు పోవుదును. ఆనాటి యువకుడును నాతో వచ్చును. అతడు మోకాలిలోతు నీటిలో నిలిచి, పడవ అంచుమీద కాలు పెట్టి, తన బరువంతయు మోపి చూచును. పడవ కొంచెము ఒరిగి ఆగినయెడల నావైపు తిరిగి తల ఊపును. అప్పుడు ప్రార్థించుదుము.