ఉప్పునీరు, మంచినీరు, ఒక పాట



ఆదివాసుల పాటను గిటారుతో, డ్రమ్ములతో కలిపి పాడితే అది ఆ పాటకు గౌరవమా, అపచారమా? పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెల నుంచి రేల పాటల వరుసలు హోరెత్తుతున్న ఈ రోజుల్లో మన యువత ఈ ప్రశ్న వేసుకోవడం మంచిది.

దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. ఆస్ట్రేలియా ఉత్తర తీరాన ఆర్నెమ్‌ల్యాండ్ అనే ప్రాంతముంది. అక్కడి ఆదివాసులను యోల్ంగు ప్రజలంటారు. 1986లో వారిలో కొందరూ, కొందరు తెల్లజాతి వాద్యకారులూ కలిసి 'యోతు యిండి' అనే బృందం కట్టారు. ఆ మాటకు బిడ్డ, తల్లి అని అర్థం. వారి మొదటి ఆల్బమ్ 'హోమ్‌ల్యాండ్ మూవ్‌మెంట్' 1989లో వచ్చింది. ఒక వైపు రాక్ పాటలు. రెండో వైపు ఎక్కువగా తాతలనాటి పాటలు, యిడాకి అనే పొడవాటి కొయ్య గొట్టం ఊదుతూ, కర్రలతో తాళం వేస్తూ పాడేవి. పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1970లలో యోల్ంగు కుటుంబాలు మిషన్ స్థావరాలను విడిచి తమ తమ సొంత నేలలకు తిరిగి వెళ్ళాయి. ఆ ఉద్యమం పేరే అది. (మిషన్ అన్న మాట దగ్గర మనం కాస్త ఆగి ఆలోచించాలి.)

బృంద నాయకుడు మండావుయ్ యునుపింగు బడిపంతులు. తమ చదువునూ తెల్లవారి చదువునూ కలిపి చెప్పడానికి ఆయన, ఆయన తోటివారు 'గన్మ' అనే మాట వాడారు. నేల మీదుగా వచ్చే మంచినీరు, సముద్రం నుంచి వచ్చే ఉప్పునీరు మడచెట్ల మధ్య కలుసుకోవడం గన్మ.

గోదావరి వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పాలా? కోరంగి మడ అడవుల్లో రొయ్యపిల్ల పెరిగేది ఈ కలయికలోనే. సముద్రపు ఇలస ఎర్రనీటికి ఎదురీది పులస అవుతుంది. కనుక కలవడమే తప్పని నేననను. అయితే మన రైతులకు ఇంకో సంగతీ తెలుసు. నదిలో నీరు తగ్గిన వేసవిలో సముద్రం ఏర్ల వెంట ఎగదన్నుకొస్తుంది, చేలు చవుడుబారతాయి. నీళ్ళు అవే, కలయికా అదే. నదికి బలముందా లేదా అన్నదే తేడా.

యోల్ంగు పాట వెనుక నేల ఉంది. ఏ పాట ఏ వంశానిదో, ఎవరు పాడవచ్చునో చెప్పే కట్టుబాటు ఉంది. గిటారు పట్టుకున్న నాయకుడూ ఆ జాతి బిడ్డే.

మన వైపు చూడండి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో కిన్నెర మొగులయ్య గొంతు విన్నాం. ఆయన ఆదివాసి కాదు, నాగర్‌కర్నూలు జిల్లా జానపద కళాకారుడు. ఆయనను పిలిచి పాడించారు, మెచ్చుకోదగినదే. 2022లో పద్మశ్రీ వచ్చింది, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. అయినా 2024లో ఆయన కూలిపని చేస్తున్నారని పత్రికల్లో చదివాం. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్యకూ 2022లోనే పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024లో కన్నుమూశారు.

ఇంకా దగ్గరకు వస్తే దేవీపట్నం మండలం. పోలవరం ప్రాజెక్టు కోసం అక్కడి కొండరెడ్లు, కోయలు ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు చేరారు. కొండనూ వాగునూ తలచుకుని పాడే పాటను, కొండా వాగూ కనబడని చోట ఎన్నాళ్ళు పాడతారు? పాట మాత్రం పెట్టెలో భద్రంగా ఉంటుంది, అమ్ముడుపోతుంది కూడా.

ఎవరికి చెందవలసింది వారికి ఇవ్వాలనే స్థిర సంకల్పమే న్యాయమన్నారు పునీత తోమాస్ అక్వినాస్. పాట విషయంలో చెందవలసింది డబ్బొక్కటే అనుకుంటే పొరపాటు. ముందుగా అడగడం ఉంది, పేరు చెప్పడం ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా 'వద్దు' అనే హక్కు ఉంది. కాదనే వీలు లేనివాడు తల ఊపితే దాన్ని అంగీకారమని ఎలా అంటాం?

కీర్తనలకు జానపద వరుసలు వాడుకునే మన గుడులకూ ఇది వర్తిస్తుంది. క్రిస్మసుకు రేల వరుసలో పాట కట్టుకుంటాం ఫాదర్, అని యువత నన్నడిగితే, ముందు రంపచోడవరం బస్సెక్కమంటాను. ఏదో ఒక గూడెంలో పెద్దల దగ్గర కూర్చోండి. ఆ వరుస ఏ పండుగదో, ఏ చావుదో, ఎవరు పాడతారో అడగండి. సరేనంటే వాళ్ళనే గుడికి పిలిచి ముందు వరుసలో నిలబెట్టి పాడించండి. వద్దంటే కాఫీ తాగి తిరిగి వచ్చేయండి.