జీవికి అన్నం పెట్టడం కూడా తప్పేనా?

ఆకలితో ఉన్న జీవికి ఇంత ముద్ద పెట్టడం మంచి పని అని మనకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. వండిన అన్నంలో గడప దగ్గరి పిల్లికీ, వాకిట్లో కోడికీ, పిట్టగోడ మీది కాకికీ ఇంత వాటా ఉంటుందని అమ్మల చేతులు చూసే తెలుసుకున్నాం. అలాంటి పనిని ఎవరైనా “చేయవద్దు” అంటే మనసు చివుక్కుమంటుంది. ఒక రాత్రి అడవిలో మేము ఆ మాట వినవలసి వచ్చింది. మొదట అది బాధ కలిగించింది. తర్వాత చాలాకాలం ఆలోచింపజేసింది. ఆ ఆలోచననే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాం.

యోసెమిటీలో ఒక రాత్రి

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల అబ్బాయి ఒక వేసవిలో తన తల్లినీ, మమ్మల్నీ యోసెమిటీ నేషనల్ పార్కుకు తీసుకెళ్లాడు. ఆమె మాకు ఖాలా వరస. సియెర్రా నెవాడా పర్వతాల్లో సుమారు 3,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ప్రాంతమది. అక్కడి లోయకు 1864లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకంతో రక్షణ లభించింది. 1890లో చుట్టుపక్కల అడవి నేషనల్ పార్కు అయింది. లోయ అడుగుభాగమే సముద్రమట్టానికి దాదాపు 4,000 అడుగుల ఎత్తున ఉంటుంది. రెండు వైపులా నిటారుగా లేచిన గ్రానైటు కొండలు, మధ్యలో మెర్సెడ్ నది, పైన్, ఓక్ చెట్ల నీడలో గుడారాలు వేసుకోవడానికి కేటాయించిన స్థలాలు.

ప్రతి స్థలంలోనూ ఒక బల్ల, నిప్పు రాజేసుకోవడానికి ఒక ఇనుప వలయం, వాటితోపాటు ఒక పెద్ద ఇనుప పెట్టె ఉంటాయి. ఎలుగుబంటి పంజాతో తెరవలేని విధంగా ఆ పెట్టె గడియను అమర్చారు. తినే వస్తువులే కాదు, సబ్బు, పళ్లపొడి, తలనూనె వంటి వాసన వచ్చే ప్రతిదీ అందులో పెట్టి గడియ వేయాలి. గుడారంలో ఏదీ ఉంచకూడదు. రాత్రిపూట కారులో కూడా ఉంచకూడదు. ఇవన్నీ లోపలికి వచ్చేటప్పుడే చెప్పారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు.

రాత్రి భోజనాలయ్యాయి. రెండు రొట్టెలు మిగిలాయి. ఖాలా వాటిని ముక్కలు చేసి, గుడారం వెనక ఒక చెట్టు మొదట్లో రాతి మీద పెట్టింది. “రాత్రిపూట ఏ మూగజీవి వచ్చినా తింటుంది పాపం” అంది. మేమూ చూశాం. వద్దనలేదు. రాసి ఇచ్చిన కాగితం మా జేబులోనే ఉంది.

కాసేపటికి టార్చిలైటు పట్టుకుని ఒక రేంజర్ అటుగా వచ్చాడు. రాతి మీది రొట్టెముక్కలు ఆయన కంటబడ్డాయి. కేకలు వేయలేదు, జరిమానా రాయలేదు. వాటిని తీసి పెట్టెలో పెట్టమని మర్యాదగా చెప్పాడు. ఖాలాకు తల కొట్టేసినట్లయింది. కొడుకు వైపు తిరిగి, “ఏం బేటా, జీవికి అన్నం పెట్టడం కూడా తప్పేనా ఈ దేశంలో?” అంది.

“ఊరుకో అమ్మీ” అన్నాడు అతను ముందు. కాని ఆమె ఊరుకోలేదు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్లు ఆయనకు చెప్పమంది. అబ్బాయి చెప్పాడు. రేంజర్ టార్చి ఆర్పి, నిదానంగా జవాబిచ్చాడు. “ఈ రొట్టెల కోసం ఈ రాత్రి ఎలుగుబంటి వచ్చిందనుకోండి. రేపు మళ్లీ వస్తుంది. ఎల్లుండి గుడారంలోకి వస్తుంది. ఆ తర్వాత మనుషులకు ప్రమాదమని దాన్ని చంపే పని మా మీదే పడుతుంది.”

ఖాలా మరేమీ మాట్లాడలేదు. ముక్కలన్నీ ఏరి పెట్టెలో పెట్టి, గడియ తానే వేసింది.

అలవాటు ఎక్కడికి దారితీసింది?

రేంజర్ మాటలు భయపెట్టడానికి అన్నవి కావు. వాటి వెనక ఆ పార్కు అనుభవం ఉంది. యోసెమిటీలో తిరిగేవి నల్ల ఎలుగుబంట్లు. పేరుకు నల్లవే అయినా చాలావాటి బొచ్చు గోధుమరంగులో ఉంటుంది. పచ్చగడ్డి, అడవి పండ్లు, ఓక్ కాయలు, కుళ్లిన దుంగల్లోని చీమలు, పురుగులు వాటి ఆహారం. శీతకాలపు నిద్రకు ముందు ఒంటికి కొవ్వు పట్టించుకోవడానికి రోజులో ఎక్కువభాగం తింటూనే గడుపుతాయి. ఆ ఆహారాన్ని ఎక్కడ, ఏ కాలంలో వెతుక్కోవాలో తల్లి పిల్లలకు నేర్పుతుంది. వాటి వాసన పసిగట్టే శక్తి అసాధారణమైనది.

1920ల నుంచి 1940 దాకా అదే పార్కులో ఎలుగుబంట్లకు తిండిపెట్టే ప్రదర్శనలు జరిగేవి. సాయంత్రమైతే చెత్తలోని తినుబండారాలను ఒకచోట వేసేవారు. దీపాల వెలుగులో ఎలుగుబంట్లు వచ్చి తింటుంటే జనం గుమిగూడి చూసేవారు. ఆ జనంలో ఎవరికీ వాటిమీద ద్వేషం లేదు. అందరూ ముచ్చటపడినవారే. కాని అడవిని నమ్ముకుని బతికే జీవికి మనిషి చెత్తను నమ్ముకోవడం అలవాటైంది. తల్లి నేర్చుకున్నది పిల్లకు నేర్పింది.

ప్రదర్శనలు ఆగిపోయాయి, అలవాటు ఆగలేదు. 1998లో ఒక్క ఏడాదిలోనే ఆ పార్కులో ఎలుగుబంట్లు కార్లు, గుడారాలు, సామాన్ల మీద పడిన సంఘటనలు 1,500కు పైగా నమోదయ్యాయి. లోపల ఒక చాక్లెట్ ఉన్నా కారు తలుపును రేకులా వంచేసేవి. ఆ తర్వాత పెట్టెలు పెంచారు, నిబంధనలు బిగించారు, వచ్చిన ప్రతివారికీ విడమరచి చెప్పారు. అలాంటి సంఘటనలు తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి. ఈ మార్పు తెచ్చింది ఎలుగుబంట్లు కాదు. మనుషులు తమ అలవాటు మార్చుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది.

కనబడని తాడు

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మూగజీవుల పట్ల దయ చూపమన్నది మన ధర్మమే కదా? దాహంతో అలమటిస్తున్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి తాగించిన మనిషి సంగతి దైవప్రవక్త (సల్లం) చెప్పగా విన్నాం. ఆ ఒక్క పనికే అతనికి క్షమాభిక్ష లభించింది. మరి అడవిలో పెట్టిన రొట్టెముక్కలకు అడ్డేమిటి?

ఆయనే చెప్పిన మరో సంగతి ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. అది చనిపోయింది. ఆమె శిక్షకు గురైంది. చాలామందికి ఈ కథ ఇంతవరకే గుర్తుంటుంది. కాని ఆమె నేరాన్ని చెప్పినప్పుడు రెండు విషయాలు చెప్పబడ్డాయి. ఆమె దానికి తిండి పెట్టలేదు. పోనీ, నేల మీద దొరికేది తానే తిని బతకడానికి దాన్ని వదలనూ లేదు.

ఆ రెండో విషయం దగ్గర కాస్త ఆగండి. కట్టి ఉంచిన జీవికి తిండి పెట్టడం కట్టినవాడి బాధ్యత. కట్టని జీవికి తన తిండి తాను వెతుక్కునే దారి మూసివేయకపోవడం అందరి బాధ్యత. జీవులకు మన మీద ఉన్న హక్కులు ఈ రెండూ. మన ఇంటి పిల్లి, మన దొడ్లోని గేదె, మన బండి లాగే ఎద్దు మొదటి హక్కు కిందికి వస్తాయి. అడవి ఎలుగుబంటి రెండో హక్కు కిందికి వస్తుంది. దాని ఆహారాన్ని సృష్టికర్త అడవిలోనే ఏర్పాటు చేశాడు. దాన్ని వెతుక్కునే ముక్కునూ, తవ్వుకునే పంజానూ ఇచ్చాడు.

అలాంటి జీవికి మనం రొట్టె పెడితే ఏమవుతుంది? దాని మెడకు తాడు కట్టినట్లే. ఆ తాడు కంటికి కనబడదు. అది మన గుడారం చుట్టూ తిరుగుతుంది, అడవి దారి మరచిపోతుంది. మనమేమో తెల్లవారగానే గుడారం మడిచి ఇంటికి వెళ్లిపోతాం. కట్టినవాళ్లం మనం, వదిలిపెట్టి పోయేదీ మనమే. ఆ స్త్రీ కనీసం పిల్లిని చూస్తూ ఉంది. మనం కట్టిన జీవికి ఏమైందో మనకు కబురు కూడా అందదు. మన చేతిలోని రొట్టె మెత్తగా ఉన్నంత మాత్రాన అది బంధనం కాకుండా పోతుందా?

దయ ఎవరి కోసం?

“మా ఉద్దేశం మంచిదే కదా” అని మనం అంటాం. సంకల్పాన్ని బట్టే పనికి విలువ అన్నది మనకు తెలిసిన సూత్రం. కాని ఆ సూత్రాన్ని సాకుగా వాడుకోకూడదు. తెలియక చేసినవాడిని అతని మంచి సంకల్పం కాపాడుతుంది. హాని అని తెలిశాక కూడా అదే పని చేస్తే ఆ సంకల్పాన్ని దయ అనలేం, అది మన ముచ్చట మాత్రమే. ఆ రాత్రి ఖాలాకు తెలియదు. కాగితం చదివిన మాకు తెలుసు. కనుక మా మౌనమే పెద్ద తప్పు.

దయ నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఇచ్చే క్షణంలో మన కళ్లు ఎవరిని చూస్తున్నాయి? పుచ్చుకునే జీవి రేపటినా, మన మనసుకు ఈ పూట కలిగే ఆనందాన్నా?

ఈ ప్రశ్న అడగడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాదు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో కోతులు రోడ్డు పక్కన బారులు తీరి కూర్చుంటాయి. కారు వేగం తగ్గిస్తే చాలు, దగ్గరికి వస్తాయి. మనం అద్దం దించి అరటిపండ్లు, బిస్కట్లు విసురుతాం. పిల్లలు చప్పట్లు కొడతారు, ఫోటోలు తీస్తాం. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికోతి పండు కోసం రోడ్డుకు అడ్డంగా పరుగెత్తినప్పుడు వెనక వచ్చే లారీ సంగతి మనకు తట్టదు. చేతి సంచి లాక్కునే కోతిని తిడతాం, లాక్కోవడం ఎవరు నేర్పారో అడగం. మనిషి తిండి రుచి మరిగిన కోతులు ఊళ్లలోకి వచ్చి రైతు పంట పాడుచేస్తుంటే నష్టం అతనిది. దాతలం మనం!

అయితే ఇక జీవులకు ఏమీ పెట్టకూడదా? అలా అనడం లేదు. వేసవిలో మేడ మీద పక్షుల కోసం మూకుడులో నీళ్లు పెట్టే చేయి ఆగకూడదు. మన ఇళ్ల కోసం చెరువులు పూడ్చినచోట దాహం తీర్చడం మన బాకీ. వీధిలో మన మధ్యనే పుట్టి పెరిగిన కుక్కకు వెళ్లడానికి వేరే అడవి లేదు. గాయపడి పడివున్న జీవిని చూసి, వన్యప్రాణి కదా అని ముఖం తిప్పుకోవడమూ ధర్మం కాదు, అటవీ సిబ్బందికి తెలియజేయాలి. దయ అన్నిచోట్లా ఉండాలి. దాని రూపం మాత్రం జీవిని బట్టి మారాలి. ఒకచోట అది పెట్టడం. మరోచోట పెట్టకుండా చేతిని ఆపుకోవడం.

ఆపుకోవడమే కష్టం. పెట్టిన చేయి అందరికీ కనబడుతుంది, ఆపుకున్న చేయి ఎవరికీ కనబడదు. గడియ వేసిన ఇనుప పెట్టెను చూసి ఎవరూ మనల్ని దయగలవాళ్లని అనరు. ఏ ఎలుగుబంటీ కృతజ్ఞత చూపదు. అసలు మనం ఉన్నామనే దానికి తెలియదు. ఎవరూ చూడని, ఎవరూ మెచ్చని ఇలాంటి మేలులోనే మన చిత్తశుద్ధి తేలుతుంది.

చివరిగా

మర్నాడు తెల్లవారుజామున ఖాలా అందరికంటే ముందే లేచింది. మేము బయటికి వచ్చేసరికి నమాజు ముగించుకుని, నేల మీద రాత్రి చీకట్లో కనబడని రొట్టె తునకలు ఇంకేమైనా మిగిలాయేమోనని వంగి వెతుకుతోంది. గోరంత ముక్క దొరికినా కొంగులో వేసుకుంటోంది. ఆ ముక్కలు రాతి మీద పెట్టినప్పుడు ఆమె ముఖంలో ఎంత ఆప్యాయత ఉందో, ఏరుతున్నప్పుడూ అంతే ఉంది.

“ఇక్కడ పెట్టకపోవడమే పెట్టడంలా ఉంది” అంది మమ్మల్ని చూసి.

ఈసారి మీరు ఘాట్ రోడ్డు మీద కారు అద్దం దించబోయినప్పుడు, పక్కన కూర్చున్న పిల్లవాడు “మనం ఎందుకు వేయకూడదు?” అని అడిగితే విసుక్కోకండి. కోప్పడి ఊరుకోబెట్టకండి. దాని తిండి అడవిలో ఉందనీ, దాని దారికి మనం అడ్డు రాకూడదనీ నెమ్మదిగా చెప్పండి. దయ అంటే ఏమిటో ఆ పిల్లవాడు మీ చేతుల్ని చూసే నేర్చుకుంటాడు.