చెట్టును అడిగి కొట్టడం

విగ్రహానికి మాను కొట్టే ముందు రాత్రి దాన్ని పూజించాలని, అందులో ఉండే భూతాలను వేరేచోటికి తరలమని వేడుకోవాలని వరాహమిహిరుడి బృహత్సంహిత చెబుతుంది. ఇప్పుడు కెనడాలోని క్యూబెక్ అడవిలో హార్వెస్టర్ అనే యంత్రం స్ప్రూస్ మానును పట్టి, కోసి, కొమ్మలు ఒలిచి, కంప్యూటర్ కొలిచిన పొడవుకు తుంచేస్తుంది. వేడుకునే వ్యవధి ఏదీ? కర్త ఎవరు: క్యాబిన్‌లో కుర్రాడా, ప్రోగ్రామ్ రాసినవాడా, చెక్క బల్ల కొన్న నేనా? నిమిత్తమాత్రులమని గీతను అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు. అర్జునుడు కనీసం విల్లు దించి ప్రశ్నించాడు.

అడవి మీద కాస్త కనికరం యంత్రాల లోకంలోనూ కనిపిస్తుంది. 1975లో పుట్టి 2007లో ఎఫ్‌పీఇన్నోవేషన్స్‌లో కలిసిన కెనడా అటవీ పరిశోధన సంస్థ ఫెరిక్, దుంగల లారీల టైర్లలో గాలి తగ్గిస్తే అడవి బాట ఎంత తక్కువ చెడుతుందో పరిశీలించింది. అది ఖర్చు లెక్కే, భక్తి కాదు. అయినా మెత్తటి నేల రాగానే డ్రైవరు క్యాబిన్ నుంచే గాలి తగ్గించడాన్ని నేను పుణ్యం ఖాతాలోనే వేస్తాను. మా ఆవిడ ఒప్పుకోదు.